మా మౌస్‌కి ఆయుధ పూజ

మౌస్ మొరాయించి ఉద్యోగం ఊడబోయినవాడి కథ మీరెప్పుడైనా విన్నారా? విని ఉండరు. అలాంటివాళ్ళు సాధారణంగా బయటికి చెప్పుకోరు, సిగ్గున్న మనుషులు. నాకా ఇబ్బంది లేదు కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఒక క్లయింటు ఆఫీసులో, గదినిండా పెద్దమనుషుల ముందు, గోడంత తెర మీద నా పరువు పోతూ ఉంటే నేనే దగ్గర కూర్చుని చూసిన వైనం ఇది. చదువుతున్నంతసేపూ నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపలేదు.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పట్లో మేం ఆ దగ్గర్లోనే నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. మేం అంటే నేనూ, మా ఆవిడ లావణ్యా. నేను ఒక కన్సల్టెన్సీ తరఫున, ఆసుపత్రులకి సామాన్లు పంపే ఒక గిడ్డంగుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. లావణ్య నా వీసా తోక పట్టుకుని అమెరికా వచ్చి, ఊరికే కూర్చోలేక మాస్టర్స్‌లో చేరింది. ఆఖరి సెమిస్టర్ నడుస్తోంది. నా కాంట్రాక్టు పొడిగిస్తే ఆవిడ డిగ్రీ చేతికొస్తుంది. పొడిగించకపోతే నేను పనిలేకుండా కన్సల్టెన్సీ బెంచి మీద, ఆ తర్వాత ఇద్దరం తిరుగు విమానంలో. పరిస్థితి అంత సున్నితంగా ఉన్న రోజుల్లో నేను నా బుర్రనంతా దేనిమీద పెట్టానంటే, మౌస్ మీద.

దానికి కారణం మహేందర్. మా టీమే, కరీంనగర్ మనిషి. నాకంటే ఒక్క ఏడాది చిన్నవాడు, ఆ ఏడాదికి గౌరవంగా నన్ను అన్నా అంటాడు. నేను మాటిమాటికీ కుడి మణికట్టు నొక్కుకోవడం చూసి ఒకరోజు నా మౌస్ ఎత్తి చూశాడు.

"అన్నా, ఇది మౌస్ గాదే, ఇటుకపెడ్డ. గందుకే చెయ్యి నొస్తుంది. నిలువుగ ఉండేటివి వస్తున్నయ్ ఇప్పుడు, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవాలె. మంచిది చూసి కొనుక్కో."

ఆ "మంచిది చూసి" అన్న మాట నాతో అనకూడదు. నేను పాలకూర కట్ట కొన్నా అడుగునున్నది లాగి కొనేవాణ్ణి. ముందు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. మౌస్ గురించి అడిగితే ఒకాయన మణికట్టుకి ఆవనూనె రాయమన్నాడు. ఇంకొకాయన మౌస్ పట్టుకునేంత పనిచేయవద్దన్నాడు. మూడో ఆయన తన గ్రీన్‌కార్డు ఎక్కడ ఆగిందో చెప్పాడు. అక్కణ్ణుంచి చర్చ చలికాలంలో కరివేపాకు మొక్కని ఏ కిటికీ దగ్గర పెట్టాలన్న దానిమీదికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు.

ఇక లాభంలేదని శనివారం లావణ్యని తీసుకుని షాపుకెళ్ళాను. బెండకాయ కొస విరిచి చూసిగాని కొనని జాతి కదా మనది. అక్కడ పెట్టిన మౌసులన్నీ ఒక్కొక్కటే పట్టుకున్నాను. నొక్కాను. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ నొక్కాను. చక్రం ముందుకి తిప్పాను, వెనక్కి తిప్పాను. అరచేతిలో పెట్టుకుని బరువు తూచాను. రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి, దూరం జరిగి చూశాను.

"పెళ్ళిచూపుల్లో నా మొహం ఇంతసేపు చూళ్ళేదు మీరు," అంది లావణ్య.

"అప్పుడు చుట్టూ మీవాళ్ళున్నారు."

"ఇప్పుడు సెక్యూరిటీవాడున్నాడు. అదిగో, ఇటే చూస్తున్నాడు. ఏదో ఒకటి తీసుకుని పదండి."

మొత్తానికి ఒకటి నచ్చింది. బొగ్గునలుపు రంగు, కోడిపుంజు మెడ తిప్పినట్టు ఒంపు. వైరు లేదు. చేత్తో పట్టుకుంటే, నిజంగా, ఎవరో పెద్దమనిషి కరచాలనం ఇచ్చినట్టే ఉంది. ధర చూసి లావణ్య నావైపు చూసింది. నేను సీలింగు వైపు చూశాను.

కొనడం ఒక ఎత్తయితే పోషణ ఇంకో ఎత్తు. ఉప్మా తిని చేతులు కడుక్కోకుండా దాన్ని తాకలేదు. నా కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డ దానికి ఇచ్చేసి, కళ్ళజోడు చొక్కాతో తుడుచుకున్నాను. లావణ్య జాకెట్టు ముక్క ఒకటి తీసుకుని రాత్రిళ్ళు దానిమీద కప్పేవాణ్ణి. పాత మౌస్‌ని ఆ రోజే చెత్తబుట్టలో వేశాను. లాప్‌టాప్ మీద ఉండే టచ్‌ప్యాడ్‌కి పొరపాటున కూడా నా వేలు తగలకూడదని దాన్ని సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపేశాను. ఇంట్లో కొత్త కోడలుండగా పాతవాళ్ళ పెత్తనమేమిటని నా ఉద్దేశం. ఈ ఒక్క పని దగ్గర మీరు నన్ను గట్టిగా తిట్టుకోవచ్చు.

ఇలా ఉండగా మా కాంట్రాక్టు సంగతి తేల్చే రోజు వచ్చింది. క్లయింటు తరఫున డయాన్ అని డైరెక్టరు ఉండేది. మా ప్రాజెక్టు ఉండాలా పోవాలా అన్నది ఆవిడ చేతిలో ఉంది. మనిషి మర్యాదస్తురాలే గాని, నవ్వుతూనే ప్రాజెక్టులు మూసేస్తుందని పేరు. మేం చేసిన పని అందరి ముందూ డెమో ఇవ్వాలి, అది చూసి ఆవిడ నిర్ణయిస్తుంది. డెమో ఇచ్చేది నేను. ఆ డెమో సరిగ్గా దసరా రోజున పడింది.

అమెరికాలో దసరాకి సెలవు లేదన్నమాటే గాని, లావణ్య దగ్గర పండగకి సెలవు లేదు. ఆఫీసుకి బయల్దేరే లోపలే ఆయుధ పూజ చేసేయాలంది. మా ఇంట్లో ఆయుధాలంటే కూరలు తరిగే చాకు, మిక్సీ, కారు. తెల్లవారగానే పార్కింగులో కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నేను మెల్లగా తొక్కించుకొస్తుంటే, కుక్కని తిప్పుతున్న పక్కింటాయన ఆగి, టైరు పంక్చరైందా అని అడిగాడు. లేదు, పండగన్నాను. ఆయన నిమ్మకాయల కేసి జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

లోపలికొచ్చేసరికి లావణ్య గిన్నెలో గంధం, కుంకుమ, అక్షింతలు పెట్టుకుని కూర్చుంది. గంధమంటే డబ్బాలో పొడి కాదు. వాళ్ళమ్మ సానరాయి, చెక్కా రెండూ సూట్‌కేసులో పెట్టి పంపింది. లావణ్య దాన్ని వెన్నలా చిక్కగా తీసింది.

"లాప్‌టాప్, మౌస్ ఇటివ్వండి. ఈ రోజు గట్టెక్కాలంటే వాటికే ముందు బొట్టు పెట్టాలి."

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. అంతకుముందు ఏడాది నా లాప్‌టాప్ మూతమీద ఇంత బొట్టు పెట్టింది. ఆ రోజు ఆఫీసులో ప్రతివాళ్ళూ నా దగ్గరికొచ్చి, చెవిలో మెల్లగా, నీ కంప్యూటర్ మీద ఏదో ఒలికిందని చెప్పి కాగితం రుమాలు ఇచ్చి వెళ్ళారు. సాయంత్రానికి నా బల్ల మీద రుమాళ్ళ దొంతర తయారైంది. ఇది పూజ అని ఒక్కరికీ చెప్పలేకపోయాను. థాంక్యూ, థాంక్యూ అంటూ తీసుకున్నాను.

"ఈసారి వద్దు లావణ్యా. డయాన్ ముందు కూర్చోవాలి. బాగుండదు."

"బొట్టు పెడితే బాగుండకపోవడమేంటండీ?"

"వాళ్ళకేం తెలుస్తుంది? మురికి అనుకుంటారు."

"అయితే పూజ మానేద్దామా? ఈ రోజు? మీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు."

భయం ఒక పక్క, సిగ్గు ఒక పక్క. రెండూ కలిస్తే మనిషికి తెలివి పుడుతుంది. ఆ తెలివిని మాత్రం నమ్మకండి. నాకు పుట్టింది.

"పైన ఎందుకు, కింద పెట్టు. ఎవరికీ కనపడదు, దేవుడికి తెలుస్తుంది."

"కనపడకుండా పెట్టుకునే బొట్టేంటండీ, దొంగతనం సొమ్ములాగా?" అంటూనే మౌస్ తిరగేసింది.

తిరగేస్తే ఏముంది? అడుగున సరిగ్గా నడిమధ్య గుండ్రంగా చిన్న గుంట. వేలికొన పట్టేంత. పాత మౌస్‌కైతే అక్కడ ఎర్ర లైటు వెలిగేది, దీనికి ఏ లైటూ లేదు. నల్లగా, నున్నగా, ఖాళీగా ఉంది.

"చూశావా, బొట్టుకోసమే చేసినట్టుంది," అన్నాను నేను. ఈ మాట అన్నది కంప్యూటర్ సైన్సులో ఇంజనీరింగ్ చేసినవాడు. అది గుర్తుపెట్టుకోండి.

లావణ్య ఆ గుంటనిండా గంధం మెత్తింది. దానిమీద కుంకుమ అద్దింది. దానిమీద ఒక అక్షింత అంటించింది. నేను కళ్ళుమూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కాంట్రాక్టు, వీసా, లావణ్య డిగ్రీ, అన్నీ వరసగా చెప్పుకుని, జాగ్రత్తగా మౌస్‌ని జాకెట్టు ముక్కలో చుట్టి బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను.

మీటింగు గదిలో పెద్ద అద్దం బల్ల. ఒక చివర డయాన్, చుట్టూ గిడ్డంగి మేనేజర్లు, నా పక్కన మహేందర్. లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి, మౌస్ తీసి పెట్టాను. ముందు కొంచెంసేపు మాటలతోనే నడిచింది, బాగానే నడిచింది. డయాన్ తలూపుతోంది. "ఇప్పుడు చూపిస్తాను," అని మౌస్ పట్టుకున్నాను.

బాణం కదల్లేదు.

కుడికి తోశాను. లేదు. ఎడమకి తోశాను. లేదు. గుండ్రంగా పిండి రుబ్బినట్టు తిప్పాను. తెరమీద బాణం ఒక్కసారి వణికి, మూలకి పోయి కూర్చుంది. మళ్ళీ ఎంత పిలిచినా పలకలేదు.

"అద్దం బల్ల మీద నడవదన్నా. కింద కాయితం పెట్టు," అన్నాడు మహేందర్ మెల్లగా.

కాగితం పెట్టాను. ఫైలు పెట్టాను. ఎవరో డోనట్ల అట్టపెట్టె మూత ఇస్తే అదీ పెట్టాను. ఆఖరికి నా తొడమీద పెట్టుకుని రుద్దాను. గదిలోవాళ్ళంతా మర్యాదకి కాఫీ కప్పుల్లోకి చూడటం మొదలుపెట్టారు. బ్యాటరీలు తీసి, ఊది, మళ్ళీ వేశాను. ఊదితే ఏమవుతుందో నాకు తెలియదు. మనవాళ్ళందరం ఊదుతాం.

"టచ్‌ప్యాడ్ వాడు అన్నా."

"ఆఫ్ చేశాను."

"ఎందుకే?"

కొత్త కోడలి కథ అక్కడ చెప్పుకునేది కాదు. టచ్‌ప్యాడ్‌ని మళ్ళీ తెరవాలంటే సెట్టింగుల్లోకెళ్ళి నొక్కాలి. నొక్కడానికి మౌస్ కావాలి. వేరే దారి ఉండే ఉంటుంది, ఆ క్షణంలో నా బుర్రకి ఏ దారీ లేదు.

అప్పుడే గోడంత తెరమీద, అందరూ చూస్తుండగా, లాప్‌టాప్‌లో నేను మూయడం మరిచిన వాట్సాప్‌లోంచి లావణ్య మెసేజ్ పడింది. అచ్చ తెలుగులో, అరచేతంత అక్షరాలతో. "గంధం ఆరిందా? ఆరకుండా మౌస్ వాడకండి."

"అదేమిటి?" అని డయాన్ ఆసక్తిగా ఇంగ్లీషులో అడిగింది.

"వాళ్ళ మిసెస్. గుడ్‌లక్ చెప్తున్నారు," అన్నాడు మహేందర్ తడుముకోకుండా. ఆ వెంటనే నావైపు వంగాడు. "అన్నా, గంధమేందే? యాడ పెట్టినవ్?"

"కింద."

"కింద అంటే?"

"గుంటలో."

మహేందర్ నావైపు ఒక చూపు చూశాడు. అమ్మానాన్నా నన్ను చదివించిన ఖర్చంతా ఆ చూపులో కనిపించింది.

"అది గుంట గాదే. అది మౌసు కన్ను. కంట్ల గంధం మెత్తినంక అదేం జూస్తది?"

బల్ల కింద మౌస్ తిరగేసి పెన్ను మూతతో గీకడం మొదలుపెట్టాను. మా అత్తగారి సానరాయి మహత్యం ఏమిటంటే, ఆ గంధం ఆరితే సిమెంటు. పెచ్చులు లేచాయి గాని అడుగున కుంకుమ అలికినట్టయింది. తీరా నేను చెయ్యి పైకెత్తేసరికి వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యో, చెయ్యి తెగిందా? ఫస్ట్ ఎయిడ్ బాక్సు తెప్పించనా?" అంది డయాన్.

"లేదు లేదు, బాగానే ఉంది."

"నా డెస్కు మీద ఇంకొకటుంది, తెస్త," అని మహేందర్ లేచి వెళ్ళిపోయాడు. మా డెస్కులు పక్క బిల్డింగులో ఉన్నాయి.

ఇక కప్పుల్లోకి చూసే మేనేజర్లని లెక్కవేయకపోతే, గదిలో నేను మిగిలాను, డయాన్ మిగిలింది, ఆవిడ గడియారం మిగిలింది. ఆవిడ గడియారం చూసుకుంది. ఆ క్షణంలో నాకు ప్రాజెక్టూ గుర్తురాలేదు, వీసా గుర్తురాలేదు. చదువు ఆపేసి పెట్టె సర్దుకోమని లావణ్యతో ఎలా చెప్పాలా అన్నదొక్కటే మెదిలింది. నిజంగా ఏడుపొచ్చింది.

"మౌస్ లేకుండా చూపించలేరా?" అంది డయాన్.

"ఈ అప్లికేషన్‌కి మౌస్ అక్కర్లేదు," అనేశాను.

ఎందుకన్నానో తెలియదు. నోరు నాదే గాని మాట నాది కాదు. అన్నాక చేసేదేముంది, కీబోర్డు మీద పడ్డాను. అమీర్‌పేటలో నేను కోర్సు నేర్చుకున్న సందు ఇన్‌స్టిట్యూట్‌లో నలుగురికి ఒక మౌస్ ఉండేది. అది మనదాకా వచ్చేసరికి క్లాసు అయిపోయేది. అందుకని వేళ్ళతోనే పని లాగించడం అలవాటైంది. ఆ అలవాటు కొద్దీ, అప్లికేషన్‌లో నేను రాసిన మొదటి తెర, అంటే మొదటి పేజీ, మీద మీటలన్నీ కీబోర్డు నుంచే పనిచేసేలా రాసి పెట్టుకున్నాను. ట్యాబ్ కొట్టాను, పేరు పడింది. ఎంటర్ కొట్టాను, ఆర్డరు పడింది. బాణం కీలు నొక్కుతూ సామాన్లు ఎక్కించాను, తీశాను, లారీకి పంపాను. కంగారులో ఒకటి నొక్కబోయి రెండు నొక్కినా పని ముందుకే పోయింది. చూసేవాళ్ళకి అదేదో వేగంలా కనిపించి ఉంటుంది.

డెమో అయిపోయింది. నేను తల దించుకుని, బ్యాగు జిప్పు ఎక్కడుందో వెతుక్కుంటున్నాను.

"మా గిడ్డంగిలో వాళ్ళు రోజంతా గ్లౌజులతో పనిచేస్తారు," అంది డయాన్ నెమ్మదిగా. "గ్లౌజులతో మౌస్ పట్టుకోలేక, తీసి వేసుకుని, తీసి వేసుకుని విసిగిపోతున్నారు. మీకు ముందు వచ్చిన కంపెనీకి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మీకు ఎవరూ చెప్పకుండానే ఎలా తట్టింది?"

నేను ఎర్రటి వేళ్ళు బల్ల కిందికి దాచుకుని, వినయంగా నవ్వాను. నా జీవితంలో నేను నవ్విన నవ్వుల్లో అన్నిటికంటే దొంగ నవ్వు అది.

సరిగ్గా అప్పుడు మహేందర్ రొప్పుకుంటూ వచ్చి మౌస్ ఇవ్వబోయాడు. "దానితో పనిలేదు," అంది డయాన్ వాడితో. "మీ అప్లికేషన్‌కి మౌస్ అక్కర్లేదట కదా. అద్భుతం. కాంట్రాక్టు పొడిగిస్తున్నాను. తెరలన్నీ ఇలాగే ఉన్నాయా?"

"అన్నీ ఇలాగే," అన్నాను నేను.

మహేందర్ ముఖంలో రక్తం ఎలా దిగిపోయిందో నేను కళ్ళారా చూశాను. మిగతా తెరలన్నీ వాడు రాసినవి. వాటిలో ట్యాబ్ కొడితే ఎటుపోతుందో రాసినవాడికే తెలియదు. ఆ చలికాలమంతా మేమిద్దరం, మాతోపాటు ఏ పాపమూ ఎరగని టీమంతా, శనాదివారాలు కూడా కూర్చుని ప్రతి తెరలోంచీ మౌస్‌ని తరిమేశాం. బయట మంచు, లోపల మహేందర్.

"నువ్వు బొట్టు పెట్టుకునుడేందో, మాకు పని బడుడేందో," అనేవాడు ప్రతి శనివారం, కోటు విప్పి కుర్చీకి తగిలిస్తూ.

డెమో అయిన సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి లావణ్య పులిహోర కలిపి, తినకుండా, తలుపు దగ్గరే నిలబడి ఉంది. నా ముఖం చూసి ఏమీ తేల్చుకోలేకపోయింది.

"ఉందా, పోయిందా? అది చెప్పండి ముందు."

"ఉంది. నీ చదువు పూర్తిచేసుకోవచ్చు."

ఆవిడ గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది. నాకప్పుడు తెలిసింది, పొద్దుటినుంచీ ఈవిడ కూడా అదే భయంతో ఉందని. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు, అంతే. ఆ తర్వాత అంతా వివరంగా చెప్పాను. గుంట అని నేను అన్నచోటికి వచ్చేసరికి లావణ్య నవ్వుతూ నేలమీద కూర్చుంది. మహేందర్ మాట దగ్గరికి వచ్చేసరికి పడుకుంది. నవ్వి నవ్వి, పైటతో కళ్ళు తుడుచుకుని, ఆఖరికి తీర్పు చెప్పింది.

"మౌస్ పని చెయ్యకపోతేనేం, పూజ పనిచేసింది."

సాక్ష్యాలన్నీ ఆవిడ వైపే ఉన్నాయి.

కాబట్టి, మహాజనులారా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేసి చెబుతున్నదేమిటంటే: ఇకమీదట నా జన్మలో మౌస్‌ని ఏరి కొనను, చేతికి ఏది అందితే అదే కొంటాను. దానికి జాకెట్టు గుడ్డ కప్పను. ఆయుధ పూజ మాత్రం మానను, మా ఇంట్లో మానడం కుదరదు. అయితే బొట్టు పెట్టాల్సి వస్తే నడినెత్తిన, రూపాయి బిళ్ళంత, గది అవతలి వాళ్ళకి కూడా కనపడేలా పెడతాను. ఎవరైనా వచ్చి ఏదో ఒలికిందని రుమాలు ఇస్తే, ఒలకలేదు, పెట్టాను అని చెబుతాను. చెప్పి, రుమాలు కూడా తీసుకుంటాను.